ఒట్టావా మదామ్, మా అమ్మ టీచరు, మా పెద్దోడి చదువు

కెనడా నుంచి వచ్చేశాక హన్మకొండలో అందరూ మమ్మల్ని అడిగింది ఒకటే ప్రశ్న. అంత దూరం పోయి పిల్లగాణ్ణి ఫ్రెంచ్ బడిలో ఎందుకు వేశారు? మా ఆడపడుచు అడిగింది. నయీంనగర్‌లో కిరాణా షాపాయన అడిగాడు. అడ్మిషన్ కోసం వెళ్తే ఇక్కడి ప్రిన్సిపల్ మేడం కూడా రిపోర్టు కార్డులు అటూ ఇటూ తిప్పి చూసి అదే అడిగారు. పక్కింటి ఆంటీ అయితే, "ఇంటర్ల సెకండ్ లాంగ్వేజ్ కింద పనికొస్తది తియ్యి, మార్కులు మంచిగ పడ్తయి" అని జవాబు కూడా తనే చెప్పేసింది. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పేకంటే ఒకచోట రాసిపెడదామని కూర్చున్నాను. చిన్నపిల్లలతో కెనడా వెళ్తున్నామని మన వరంగల్ వాళ్ళే కొందరు మెసేజ్ పెట్టారు, వాళ్ళకూ పనికొస్తుంది.

మా పెద్దోడు ఒట్టావాలో కిండర్‌గార్టెన్ నుంచి రెండో తరగతి అయ్యేదాకా ఫ్రెంచ్, ఇంగ్లీషు రెండూ ఉన్న బడిలో చదివాడు. ఇప్పుడు ఎనిమిదేళ్ళు, ఇక్కడ మూడో తరగతి. మామయ్య ఆరోగ్యం బాగుండక తిరిగి వచ్చేశాం. మా ఆయనకు మడికొండ ఐటీ పార్కులో ఉద్యోగం దొరికింది. మా అమ్మ నర్సంపేట వైపు ఒక ఊళ్ళో ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల టీచరుగా చేసి రిటైరయింది. ఆమె సంగతి తర్వాత చాలా చెప్పాలి.

ఒట్టావా కెనడా రాజధాని. ఒంటారియో రాష్ట్రం అంచున ఉంటుంది. నది మీద వంతెన దాటితే అవతల క్యూబెక్ రాష్ట్రం. ఇవతల ఇంగ్లీషు ఎక్కువ, అవతల ఫ్రెంచ్ ఎక్కువ. 1969లో అధికార భాషల చట్టం వచ్చింది. కేంద్ర ప్రభుత్వ కౌంటర్ దగ్గరికి వెళ్తే "హలో, బోంజూర్" అని రెండూ కలిపి పలకరిస్తారు, మనం ఏ భాషలో బదులిస్తే ఇక ఆ భాషలోనే మాట్లాడతారు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో చాలావాటికి రెండు భాషలూ వచ్చి ఉండాలి. అందుకే ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడే తల్లిదండ్రులు కూడా పిల్లల్ని ఫ్రెంచ్‌లో వేయాలని చూస్తారు.

మాకు ఉద్యోగాల లెక్క లేదు. మా పక్క ఫ్లాట్‌లో ఆఫ్రికాలోని కామెరూన్ నుంచి వచ్చిన కుటుంబం ఉండేది. కామెరూన్‌లో ఫ్రెంచ్, ఇంగ్లీషు రెండూ అధికార భాషలే. 1961లో ఫ్రెంచ్ వాళ్ళు ఏలిన భాగం, బ్రిటిష్ వాళ్ళు ఏలిన దాంట్లో ఒక భాగం కలిశాయట, అప్పటినుంచీ అంతే. వాళ్ళింట్లో ఆ రెండూ కాకుండా ఇంకో సొంత భాష నడిచేది. వాళ్ళబ్బాయి, మావాడు కారిడార్‌లో కార్లు తోసుకుంటూ ఆడేవాళ్ళు. ఆవిడ ఇద్దరు పిల్లల్నీ చూసుకుంటూ మూడు భాషల్లో కేకలేస్తుంటే నాకు భలే ముచ్చటేసేది. ఆ పిల్లవాడు వెళ్ళే బడికే మావాణ్ణీ పంపుదామనుకున్నాం. మొదట ఉన్న కారణం ఇంతే.

ఒంటారియోలో ఇంగ్లీషు బడుల్లో ఫ్రెంచ్ మూడు రకాలుగా చెబుతారు. నాలుగో తరగతి నుంచి ఒక సబ్జెక్టుగా చెప్పేది కోర్ ఫ్రెంచ్. ఎనిమిదో తరగతి అయ్యేసరికి 600 గంటలు ఉండాలి. దాంతోపాటు కనీసం ఇంకో సబ్జెక్టు ఫ్రెంచ్‌లో చెప్పేది ఎక్స్‌టెండెడ్ ఫ్రెంచ్, దానికి 1,260 గంటలు. ఇమ్మర్షన్‌కి కనీసం 3,800 గంటలు. మావాడు చదివింది ఇందులోనే. ఇమ్మర్షన్‌లో ఫ్రెంచ్‌ని పాఠంగా చెప్పడం తక్కువ, మిగతా పాఠాలను ఫ్రెంచ్‌లో చెప్పడం ఎక్కువ. విత్తనం మొలకెత్తడం, మన వీధి, మన ఊరు, బొమ్మలు వేయడం, ఆటలు అన్నీ అందులోనే. ఇంట్లో ఫ్రెంచ్ మాట్లాడే కుటుంబాలకు వేరే ఫ్రెంచ్ బడులు, వాటిని నడిపే వేరే బోర్డులు ఉన్నాయి. ఇమ్మర్షన్ తరగతులు పెట్టింది ఇంట్లో ఫ్రెంచ్ లేని పిల్లల కోసం. ఇక్కడ ఈ తేడా చెబితే ఎవరూ అంతగా పట్టించుకోరు గానీ నాకు మాత్రం అసలు కీలకం ఇందులోనే కనిపించింది. ఆ గదిలో కూర్చున్న పిల్లల్లో దాదాపు అందరికీ ఫ్రెంచ్ కొత్తే. అర్థం కాకపోవడం ఎవరికీ తప్పు కాదు. అర్థం కాదన్న సంగతి ముందే తెలుసు కాబట్టి, అర్థమయ్యేలా చేసే బాధ్యత టీచరు మీద ఉంటుంది.

కిండర్‌గార్టెన్‌లో మావాడికి సగం పూట ఇంగ్లీషు టీచరు, సగం పూట ఫ్రెంచ్ టీచరు. ఫ్రెంచ్ టీచర్ని పిల్లలంతా "మదామ్" అనే పిలుస్తారు. ఆమెకు ఇంగ్లీషు బ్రహ్మాండంగా వచ్చు. పిల్లలు ఇంగ్లీషులో ఏమడిగినా వింటుంది, కాదనదు, కసురుకోదు. తను మాట్లాడేది మాత్రం ఫ్రెంచే.

ఒకసారి తల్లిదండ్రుల్ని క్లాసులో కాసేపు కూర్చోనిచ్చారు. బయట మోకాలి లోతు మంచు. పిల్లలు ఆటకు బయటికి వెళ్ళాలంటే మంచు ప్యాంటు, బూట్లు, కోటు, టోపీ, గ్లవ్స్ వేసుకోవాలి, అదీ ఆ వరసలోనే. గ్లవ్స్ ముందు తొడుక్కుంటే ఇక జిప్పు పెట్టుకోలేరు. మదామ్ గోడకు ఆ ఐదింటి బొమ్మలు వరసగా అంటించింది. ఒక్కో బొమ్మ మీద వేలు పెట్టి దాని పేరు రాగం తీసి పాడుతుంది, తను వేసుకుంటుంది, పిల్లలు వేసుకుంటూ వెంట పాడతారు. మావాడు బూట్లు కుడిది ఎడమకు వేసుకుని, "మదామ్, ఇట్ హర్ట్స్" అన్నాడు. ఆమె నేల మీద కూర్చుంది. వాడన్న మాటనే ఫ్రెంచ్‌లో అంది. బూటు ఊడదీసి కుడికాలు పట్టుకుని కుడి అంది, ఎడమకాలు పట్టుకుని ఎడమ అంది, సరిగ్గా తొడిగింది, ఇప్పుడు బాగుందా అని అడిగింది. ఇదంతా ఫ్రెంచ్‌లోనే. వాడు తలూపి పరుగెత్తాడు. నాకు ఒక్క ముక్క ఫ్రెంచ్ రాదు, అయినా ఆ నాలుగు నిమిషాల్లో ఆమె అన్నదంతా నాకు అర్థమైంది. చలికాలమంతా రోజూ అదే పాట, అవే మాటలు. మంచు కరిగే నాటికి మా ఇంట్లో కూడా బూట్లు వేసుకుంటూ వాడు అదే గొణుక్కునేవాడు.

ఇమ్మర్షన్ పిల్లలందరికీ ముందు వచ్చే పూర్తి వాక్యం ఒకటుంది. "ఎస్కె జె పో అలే ఓ త్వాలెత్?" బాత్రూమ్‌కి వెళ్ళొచ్చా అని. అదొక్కటి మాత్రం ఫ్రెంచ్‌లో అడిగి తీరాలి, అందుకని అందరికీ తొందరగా వచ్చేస్తుంది.

అది తప్పించి చాలా నెలలు మావాడు ఫ్రెంచ్‌లో నోరు విప్పలేదు. నాకు టెన్షన్. ఇంట్లో తెలుగు, బయట ఇంగ్లీషు, ఇప్పుడు మధ్యలో ఇదొకటి, పిల్లవాడు దేనికీ కాకుండా పోతాడేమోనని రాత్రిళ్ళు మా ఆయనతో వాదించేదాన్ని. మదామ్‌ని కలిసినప్పుడు అడిగేశాను. వింటున్నాడు, విననివ్వండి అంది. ఇంట్లో ఏ భాష మాట్లాడతారని అడిగింది. తెలుగు అన్నాను. అయితే తెలుగే మాట్లాడండి, కథలు తెలుగులోనే చెప్పండి, ఫ్రెంచ్ సంగతి నాకు వదిలేయండి అంది. ఆ మాటతో నా గుండెల మీద బరువు దిగిపోయింది. ఆ రోజు నుంచి రాత్రి పడుకునే ముందు మా అమ్మకు వీడియో కాల్ చేసి ఇచ్చేదాన్ని. ఇక్కడ పొద్దున అయ్యుండేది, అమ్మ ఓ పక్క చాయ్ పెట్టుకుంటూ వాడికి కథ చెప్పేది.

ఒకటో తరగతిలో వాడు చదవడం నేర్చుకున్నది ఫ్రెంచ్‌లోనే. ఫ్రెంచ్ రాతలో పలకని అక్షరాలు బోలెడు. ఒ, యు కలిస్తే ఊ. ఇ, ఎ, యు మూడూ కలిస్తే వట్టి ఓ. కొన్ని మాటల చివర మూడక్షరాలున్నా పైకి ఏమీ వినపడదు. వారం వారం డిక్టే అని పెట్టేవాళ్ళు. మన బడుల్లో ఉక్తలేఖనం లాంటిదే. టీచరు చెబుతుంది, పిల్లలు రాస్తారు. ముందే ఇంటికి మాటల పట్టీ వచ్చేది. నాకు పలకడం రాదు కాబట్టి పక్క ఫ్లాట్ ఆవిడ ఫోన్లో రికార్డు చేసి పంపేది, వాడు అది వింటూ రాసేవాడు. ఏడాది చివర్లో ఇంగ్లీషు పుస్తకాలు ఎవరూ కూర్చోబెట్టి నేర్పకుండానే చదవడం మొదలుపెట్టాడు. లైబ్రరీలో డైనోసార్ల పుస్తకం తీసి, పేర్లతో సహా గడగడా చదువుతుంటే నేను పక్కన నిలబడి విన్నాను. రెండో తరగతిలో ఇంగ్లీషు గంటలు పెంచారు. అప్పటికి ఆ భయం నాకు పూర్తిగా పోయింది.

ఈ పద్ధతి ఎక్కడిదని తర్వాత చదివాను. మాంట్రియల్ పక్కన నదికి దక్షిణాన సెయింట్ లాంబర్ట్ అని ఒక ఊరు. 1960లలో క్యూబెక్‌లో ఫ్రెంచ్ మాట్లాడే జనం తమ భాషకు ఆఫీసుల్లో, వ్యాపారంలో చోటు కావాలని గట్టిగా నిలబడుతున్న రోజులు. ఆ ఊళ్ళో ఇంగ్లీషు ఇళ్ళ తల్లులు కొందరు, మా పిల్లలు బడిలో ఏళ్ళ తరబడి ఫ్రెంచ్ చదివీ పక్కింటి వాళ్ళతో నాలుగు మాటలు మాట్లాడలేకపోతున్నారని గుర్తించారు. కూడబలుక్కున్నారు. మెక్‌గిల్ యూనివర్సిటీకి వెళ్ళి మనస్తత్వ శాస్త్రవేత్త వాలెస్ లాంబర్ట్‌ని, మెదడు సర్జన్ వైల్డర్ పెన్‌ఫీల్డ్‌ని సలహా అడిగారు. (ఊరి పేరు, లాంబర్ట్ పేరు కలవడం కాకతాళీయమే.) స్కూలు బోర్డుకు పెద్దగా ఇష్టం లేదు. అయినా వెంటపడి ఒప్పించి 1965లో ఒక కిండర్‌గార్టెన్ తరగతి పూర్తిగా ఫ్రెంచ్‌లో మొదలుపెట్టించారు. ఈ చదువు పై నుంచి దిగిన పథకం కాదు, తల్లిదండ్రులు వెంటపడి సాధించుకున్నది. నాకు చాలా నచ్చిన సంగతి అదే.

లాంబర్ట్, ఆయన సహచరుడు టక్కర్ ఆ పిల్లల్ని ఏళ్ళ తరబడి పరీక్షించి 1972లో పుస్తకం వేశారు. మొదట్లో ఆ పిల్లలు ఇంగ్లీషు చదవడంలో వెనకబడ్డారు. ఇంగ్లీషు పాఠాలు మొదలయ్యాక తోటివాళ్ళను అందుకున్నారు. లెక్కలు ఫ్రెంచ్‌లో నేర్చుకున్నా ఇంగ్లీషు బడి పిల్లలకు తీసిపోలేదు. ఫ్రెంచ్ వినడంలో బాగా రాణించారు, మాట్లాడటం, రాయడం మాత్రం పుట్టుకతో వచ్చినవాళ్ళంత చక్కగా రాలేదు. ఇప్పుడు కెనడా మొత్తం మీద 4 లక్షలకు పైగా పిల్లలు ఈ పద్ధతిలో చదువుతున్నారు.

అక్కడ అంతా బాగుందని నేననను. ఆట గంటలో పిల్లలందరూ ఇంగ్లీషులోకే వెళ్ళిపోతారు, మదామ్ వినే దూరంలో ఉంటే తప్ప ఫ్రెంచ్ రాదు. ఫ్రెంచ్‌లో ప్రతి వస్తువుకూ ఆడ, మగ తేడా ఉంటుంది, అందులో మావాడు చివరిదాకా తప్పులు చేశాడు. ఫ్రెంచ్ టీచర్ల కొరత ఎప్పుడూ ఉన్నదే. నన్ను బాధపెట్టింది ఇంకొకటి. కొంచెం నిదానంగా చదివే పిల్లల తల్లిదండ్రులకు, ఇంగ్లీషు తరగతికి మార్చుకోండని సలహా వస్తుంది. అలా మారుతూ మారుతూ ఇమ్మర్షన్‌లో చురుకైన పిల్లలు, ఇంగ్లీషు తరగతిలో మిగతావాళ్ళు మిగులుతారు. అలా వెళ్ళిపోయిన పిల్లలు మావాడి క్లాసులోనూ ఉన్నారు. నిదానంగా ఉన్న పిల్లవాడికి సాయం చేసే మనిషిని పెట్టాలి గానీ, గది మారిస్తే వాడి ఇబ్బంది తీరుతుందా?

ఇక హన్మకొండ. మావాడు దిగేసరికి తెలుగు బాగానే మాట్లాడుతున్నాడు. అమ్మ కథల పుణ్యం అది. అక్షరం ముక్క మాత్రం రాదు. తెలంగాణలో 2018లో చట్టం వచ్చాక ఏ బోర్డు బడిలోనైనా తెలుగు చెప్పాల్సిందే. మూడో తరగతి పిల్లలు తెలుగు పాఠాలు చదువుతుంటే వీడు అ ఆల దగ్గర మొదలు. బడి వాళ్ళు ట్యూషన్ పెట్టించండన్నారు. అమ్మ ఒప్పుకోలేదు. "నేనుండంగ ట్యూషనేంది బిడ్డా" అని సంచి సర్దుకుని వచ్చి మా ఇంట్లో ఉండిపోయింది.

ఎలా నేర్పిందో చెబుతాను, ఎందుకంటే దగ్గర కూర్చుని చూశాను. మొదటి రోజు అ ఆలు రాయించలేదు. పలక మీద "అమ్మ" అని రాసింది, ఇదేంటో చెప్పమంది. తర్వాత "అమ్మమ్మ" రాసింది. వాడు రెండు మాటల్నీ చాలాసేపు చూశాడు. కింద ఉన్న ఒత్తు మీద వేలు పెట్టి, ఇది మళ్ళీ అదే సౌండా అన్నాడు. అవునంది. అంతే, పలక లాక్కుని "అమ్మమ్మమ్మ" అని రాసి కిలకిలా నవ్వాడు. తలకట్టు, దీర్ఘం, గుడి, కొమ్ము ఒక్కొక్కటీ మార్చి రాస్తూ మ, మా, మి, ము చదివించింది. వాడికి ఆశ్చర్యం కలిగించిన విషయం ఏంటంటే, ఇక్కడ రాసిందంతా పలుకుతుంది. "అమ్మా, తెలుగులో దాక్కునే అక్షరాలు లేవా?" అని నన్ను వచ్చి అడిగాడు. ఫ్రెంచ్‌లో అన్ని పలకని అక్షరాలతో కుస్తీ పట్టినవాడికి గుణింతం చాలా తేలికనిపించింది. ళ, ణ పలకడానికి నాలుక తిరగలేదు, అక్కడ మాత్రం ఆలస్యమైంది. వట్రసుడి ఇప్పటికీ తిరగేసి రాస్తాడు.

సాయంత్రాలు అమ్మ వాణ్ణి హన్మకొండ బస్టాండుకు తీసుకెళ్ళేది. బెంచీ మీద కూర్చుని బస్సుల బోర్డులు చదవడమే పని. ములుగు తేలిక. పరకాల తేలిక. నర్సంపేట దగ్గర ఆగాడు, ర కింద స ఎందుకుందని. భూపాలపల్లి వచ్చింది, చదివేశాడు. ఏటూరునాగారం బస్సు కదిలిపోతుంటే పరుగెత్తుతూ చదివాడు, కండక్టర్ ఎక్కుతాడేమోనని బెల్ కొట్టి ఆపాడు. దసరా సెలవుల నాటికి తెలుగు పాఠం కూడబలుక్కుంటూ చదివే దశకు వచ్చాడు. అక్షరానికీ శబ్దానికీ ఉన్న లంకె ఒక భాషలో పట్టుబడితే ఇంకో భాషకు అది సాయం వస్తుందని టొరంటోలో పనిచేసిన జిమ్ కమిన్స్ అనే పరిశోధకుడు ఏనాడో చెప్పాడు. పైకి భాషలు వేరుగా కనిపించినా అడుగున పునాది ఒకటేనని ఆయన వాదం. బస్టాండు బెంచీ మీద కూర్చున్నప్పుడు అది నాకు కళ్ళకు కట్టింది.

ఒకరోజు అమ్మకు మదామ్ గురించి, బూట్ల సంగతి చెప్పాను. అమ్మ ఆశ్చర్యపోలేదు. "మేం తండా పిల్లలకు చేసింది గదే గదా" అంది. నర్సంపేట వైపు లంబాడా తండాలు చాలా ఉన్నాయి. ఆ పిల్లలకు ఇంట్లో లంబాడీ, బడిలో తెలుగు. ఒకటో తరగతిలో కూర్చున్న రోజున వాళ్ళకు తెలుగు, మావాడికి ఫ్రెంచ్ ఎంత కొత్తో అంత కొత్త. ఒక చిన్నపిల్ల దాహమేసి "పాణి" అంటే అమ్మ గ్లాసు అందిస్తూ "నీళ్ళా? నీళ్ళు తాగు బిడ్డా" అనేదట. లంబాడీలో చెప్పినా జవాబు జవాబే అని, మెచ్చుకుని, తర్వాత దాన్ని తెలుగులో తను అనేదట. అలా చేయాలని ఏ ట్రైనింగులోనూ చెప్పలేదు. తను కూడా తండా తల్లుల దగ్గర లంబాడీ మాటలు నేర్చుకుంది. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో కోయ, గోండి, కొలామీ, బంజారా లాంటి ఎనిమిది గిరిజన భాషల్లో చిన్న తరగతులకు మాతృభాషలో చదువు మొదలుపెట్టారు, ముందు ఇంటి భాష, తర్వాత మెల్లగా తెలుగు అని. అది ఇంకా విస్తరించి ఉంటే ఎంత బాగుండేదో అని అమ్మ ఇప్పటికీ అంటుంది.

అమ్మ చేసింది, మదామ్ చేసింది ఒకటే. పిల్లవాడికి వచ్చిన భాషను నోట్లోనే ఉండనిచ్చారు. దాని పక్కనే కొత్తదాన్ని పెట్టారు.

ఇక్కడ మా చిన్నదాన్ని నర్సరీలో వేయడానికి బడులు తిరుగుతున్నప్పుడు ఒకచోట గేటు లోపలే బోర్డు చూశాను. క్యాంపస్‌లో తెలుగు మాట్లాడరాదని. మాట్లాడితే ఫైన్ అని అటెండర్ చెప్పాడు. నాలుగేళ్ళ పిల్లకు! వాళ్ళ ఉద్దేశం కూడా ఇమ్మర్షనే అని ఆఫీసులో కూర్చున్నాయన నాకు చెప్పబోయాడు, పూర్తిగా ఇంగ్లీషులో ముంచితే త్వరగా వస్తుందని. నేను గట్టిగానే చెప్పాను. ఒట్టావాలో ఇంగ్లీషు పిల్లలకు బడి బయట అంతా ఇంగ్లీషే. టీవీ, లైబ్రరీ, ఇల్లు, ఆఫీసు అన్నీ వాళ్ళ భాషలోనే. బడిలో ఫ్రెంచ్ నేర్చుకున్నంత మాత్రాన వాళ్ళ ఇంగ్లీషుకు వచ్చిన లోటేమీ లేదు. పైగా రెండో తరగతి, మూడో తరగతి వచ్చేసరికి బడే ఆ ఇంగ్లీషును పిలిచి కూర్చోబెట్టి నేర్పుతుంది. మన పిల్లలకు ఆ రక్షణ ఏది? ఉన్న భాషకు ఇంకోటి చేరే చదువు, ఉన్నదాన్ని తోసేసే చదువు రెండూ వేరని లాంబర్ట్ అప్పుడే విడదీసి చెప్పాడు.

తోసేసే చదువు మా ఇంట్లోనే ఉంది. మా తాత, అంటే అమ్మ వాళ్ళ నాన్న, నిజాం కాలంలో హన్మకొండలో చదువుకున్నాడు. చదువంతా ఉర్దూలో. 1918లో ఉస్మానియా యూనివర్సిటీ పెట్టినప్పుడు పై చదువులు కూడా ఉర్దూలోనే పెట్టారు, ఉద్యోగం కావాలంటే అదే దారి. తాత ఉర్దూ అందంగా రాసేవాడట, ఆ భాషంటే ప్రాణమట. నేనేం దానికి వ్యతిరేకిని కాను. కానీ తెలుగు రాయడం ఆయనకు ఎవరూ నేర్పలేదు. పొలం లెక్కలు, ఉత్తరాలు, డైరీలు అన్నీ ఉర్దూలో ఉన్నాయి. 1948 తర్వాత బడులు మారిపోయాయి, ఆయన పిల్లలు తెలుగులో చదివారు. కన్నకూతురు టీచరయింది, అయినా తండ్రి డైరీ చదవలేకపోయింది. మండీ బజార్‌లో ఒక పెద్దాయనతో కొన్ని పేజీలు చదివించుకున్నప్పుడు అమ్మ ఏడ్చింది. ఏ భాష పెద్దది, ఏది చిన్నది అని కాదు నా గోడు. బడిలో రెంటికీ చోటుంటే మా అమ్మకు ఆ ఏడుపు ఉండేది కాదు.

ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీషు మీడియం పెట్టారు. దాంతోపాటు ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉన్న పుస్తకాలు ఇచ్చారు. అమ్మతో పనిచేసినావిడ తెచ్చి చూపించారు. నాకు ఆ పుస్తకాలు చూస్తే సంతోషమేసింది. టీచరు తెలుగు పేజీతో మొదలుపెట్టి ఇంగ్లీషు పేజీకి వెళ్ళొచ్చు, పిల్లవాడు ఇంటికెళ్ళి తల్లికి చదివి వినిపించొచ్చు. ఐదో తరగతి దాకా చదవడం, రాయడం, లెక్కలు గట్టిపడాలని తొలిమెట్టు కార్యక్రమం కూడా నడిపారు. ఒక్కటే కావాలి, ఓపిక. ఇంకో భాషలో కబుర్లు చెప్పడానికి రెండేళ్ళు చాలు, పాఠం చదివి అర్థం చేసుకునే భాషకు ఐదేళ్ళు, ఆ పైన పడుతుందని కమిన్స్ లెక్క. మొదటి ఏడాదే ఇంగ్లీషులో గడగడా చెప్పాలని మనం తొందరపడితే పిల్లలు బట్టీ పట్టడం తప్ప ఏం చేస్తారు?

చిన్నదాన్ని మా గల్లీ చివర ఉన్న చిన్న బడిలో వేశాం. అక్కడ టీచర్లు, ఆయమ్మ తెలుగులో మాట్లాడతారు, ఇంగ్లీషు పాటలు నేర్పుతారు. పెద్దోడి ఫ్రెంచ్ మాత్రం తగ్గుతోంది. హైదరాబాద్‌లో ఫ్రెంచ్ నేర్పే అలియాన్స్ ఫ్రాన్సేజ్ ఉంది గానీ ఈ వయసు పిల్లవాణ్ణి వారం వారం అంత దూరం తిప్పలేం. రోజూ రాత్రి ఒక ఫ్రెంచ్ కథ వాడే చెల్లెలికి చదివి, దానికి తెలుగులో చెబుతాడు. కామెరూన్ స్నేహితుడితో సెలవు రోజున వీడియో కాల్. కాకినాడ పక్కన యానాంని 1954 దాకా ఫ్రెంచ్ వాళ్ళు ఏలారని చెప్పినప్పటి నుంచి అక్కడికి తీసుకెళ్ళమని ఒకటే గొడవ, సంక్రాంతికి తీసుకెళ్తామని మాటిచ్చాం.

కెనడా వెళ్తున్నవాళ్ళకు చెప్పాల్సింది కొంచెమే. ఒంటారియోలో కిండర్‌గార్టెన్ రిజిస్ట్రేషన్లు సాధారణంగా జనవరి, ఫిబ్రవరిలో మొదలవుతాయి, కాబట్టి దిగగానే మీ ఏరియా బోర్డు వాళ్ళను అడగండి. ఏ తరగతిలో ఎంత ఫ్రెంచ్, లెక్కలు ఏ భాషలో అనేది బోర్డును బట్టి మారుతుంది. మీకు ఫ్రెంచ్ రాకపోయినా ఏం ఫరవాలేదు, అక్కడ చాలామంది తల్లిదండ్రులకు రాదు. ఇంట్లో వేరే భాష ఉంది కదా, మూడోది ఎందుకులే అని ఎవరైనా అంటే వెనక్కి తగ్గకండి. పిల్లవాడు నిదానంగా ఉంటే బడిలో ఏం సాయం చేస్తారో ముందే తేల్చుకోండి. ఫ్రెంచ్ పుస్తకాలు కొనక్కర్లేదు, బడి సంచిలోనే వస్తాయి. సూట్‌కేసులో బరువు మిగిలితే తెలుగు కథల పుస్తకాలు పెట్టుకోండి, మేం ఉన్న చోట అవి దొరకలేదు.